ఎడమ పురి

కాలకూటదుర్గం నుంచి తప్పించుకున్న మూడోనాటి మధ్యాహ్నానికి ఆ ఇద్దరూ పిలుపుల ఇసుకపర్ర అంచుకు చేరుకున్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే గుర్రం. ముందు కూర్చున్నది నందికూట రాజ్యపు రాకుమార్తె విరజాదేవి. గుర్రపువాడి అంగరఖా తొడుక్కొని, జడను తలపాగాలో దోపుకొని, ఎవరైనా చూస్తే మగవాడే అనుకునేలా ఉంది. వెనుక కూర్చున్నవాడు తాను వేటగాణ్ణని, తన పేరు మల్లుడని ఆమెకు చెప్పాడు. భుజాన పులితోలు, తలకట్టులో నెమలి ఈక, ముఖాన మసిచారలు. దుర్గంలో ఆమెను బంధించిన గది తాళం తీసినవాడు అతడే. తానూ ఆమెలాగే బందీనన్నాడు. అతడి మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఏదీ నిజం కాదని ఆమెకు ఇంకా తెలియదు.

జీనుకు కట్టిన కంబళి మూటలో, దుర్గం నుంచి ఎత్తుకొచ్చిన మూరెడు పొడవున్న కంచుముద్ద ఒకటి ఉంది. అది ఊయలకోట గుడిగంట నాలుక. ఆ గంట సాయంసంధ్యలో మోగినంతకాలం మాంత్రికుడు కాలభృకుటి ఆటలు నందికూటంలో సాగలేదు. ఏడేళ్ళ కిందట ఊయలకోటవాడే ఒకడు ఆ నాలుకను ఊడదీసి మాంత్రికుడి చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రమే శ్రుతసేన మహారాజు సింహాసనం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే రాయి అయిపోయాడు. ఆయనతో పాటు నగరంలో సగం మంది, ఊయలకోటలో కొందరు. సరిగ్గా ఈ రోజుతో ఏడేళ్ళు నిండుతాయి. పొద్దుగుంకేలోగా నాలుక గంటను చేరి కనీసం ఒక్క దెబ్బ మోగాలి. లేకపోతే రాళ్ళైన వాళ్ళందరూ ఇసుకగా రాలిపోతారు. ఆ తరువాత వెయ్యి గంటలు మోగించినా వాళ్ళు లేవరు.

ఇసుకపర్ర పసుపు ఆరబోసినట్టు కనుచూపు మేర పరచుకొని ఉంది. గాలి లేకపోయినా దాని మీద సన్నని అలలు కదులుతున్నాయి. ఆ ఇసుకకు గొంతు లేదు. దాటేవాడి మనసులో ఏ గొంతులున్నాయో వాటినే ఎరువు తెచ్చుకుంటుంది. అయినవాళ్ళ పిలుపు విని వెనక్కి తిరిగినవాణ్ణి నిలువునా మింగుతుంది.

మల్లుడు దిగి కళ్ళెం చేతబట్టి నడిచాడు. పది అడుగులు వేయగానే విరజకు తండ్రి గొంతు వినిపించింది. “విరజా, ఒక్కసారి ఇటు చూడమ్మా, మెడ తిప్పలేకపోతున్నాను” అంటున్నాడాయన. ఆమె జూలు రెండు చేతులా పట్టుకొని, పెదవి కొరుక్కొని, కళ్ళనీళ్ళు కారుతుండగా ముందుకే చూస్తూ కూర్చుంది. మల్లుడు మాత్రం సంతలో నడిచేవాడిలా నడిచిపోయాడు. తల పక్కకైనా తిప్పలేదు.

గట్టినేల చేరాక ఆమె అడిగింది. “నిన్నెవరూ పిలవలేదా?”

“లేదు తల్లీ.”

“అమ్మా నాన్నా?”

“పోయారు.”

“ఊరివాళ్ళు?”

అతడు గుర్రం గిట్టల్లో ఇరుక్కున్న ఇసుక దులుపుతూ తలవంచుకునే జవాబిచ్చాడు. “నన్ను పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందుకే దారి ఇచ్చింది.”

విరజ ఇంకేదో అడగబోయింది కాని వ్యవధి దొరకలేదు. ఉత్తరాన ఆకాశంలో మసిబొట్టులా కనిపించినది చూస్తుండగానే రెండై, ఆరై, ఇరవై అయింది. ఇనుప ముక్కుల గద్దలు! ఒక్కొక్క రెక్క తాటాకంత. రెక్క ఆడినప్పుడల్లా కొలిమిలో తిత్తి ఊదినట్టు వేడిగాలి. మల్లుడు ఎగిరి గుర్రమెక్కి మడమలతో పొడిచాడు. మొదటి గద్ద వాలినప్పుడు కత్తితో దాని మెడ నరికాడు. రెండోది అతడి భుజం చీల్చుకొని పోయింది. విరజ కంబళిమూటను పొట్టకు హత్తుకొని వంగి, ఒక చేత్తో జీనుకున్న బల్లెం లాగి తిప్పుతూ మూడోదాని కంట్లో పొడిచింది. రాతిగుట్టల సందులోకి దూరేసరికి పద్నాలుగు గద్దలు మిగిలాయి. గుర్రం మిగల్లేదు. పాపం ఆ మూగజీవి సందు మొగదల దాకా వాళ్ళను మోసుకొచ్చి, మోకాళ్ళ మీద కూలి, మరి లేవలేదు. మల్లుడు దాని కళ్ళు మూసి, గంట నాలుకను విరజ వీపుకు గట్టిగా కట్టాడు. గద్దలు దూరలేని సందుల్లో పాకుతూ, ముళ్ళల్లో పడుతూ, పొద్దు పడమటికి బాగా వాలేవేళకు ఇద్దరూ వెయ్యిబారల లోయ అంచున నిలబడ్డారు.

చూసినవాడు ఊపిరి బిగబట్టే చోటు అది. ఎర్రరాతి గోడలు రెండు ఎదురెదురుగా పాతాళంలోకి దిగిపోయాయి. నడుమ తెల్లని మబ్బులు, ఆ మబ్బుల అడుగున కంటికి కనిపించని నది హోరు. అవతలి గట్టున మెట్లు మెట్లుగా పేర్చిన రాతి ఇళ్ళు, ఇంటింటి ముందు దండేల మీద ఆరేసిన కొండజనుము నార ముసలివాళ్ళ జడల్లా తెల్లగా ఊగుతోంది. అదే ఊయలకోట. అన్ని ఇళ్ళకూ పైన ఎదురుచూపుల స్వామి గుడి. మిగతా గుళ్ళలోలాగా అక్కడ దేవుడు గర్భగుడి మధ్య ఉండడు. గడప మీదే నిలబడి ఉంటాడు. ఒక పాదం లోపల, ఒక పాదం బయట. ఎవరు ఎప్పుడు చెక్కారో, ఎందుకలా చెక్కారో చెప్పగలవాళ్ళు లేరు.

ఇవతలి నుంచి అవతలికి రెండువందల బారల పొడవున వేలాడుతున్నది నారవంతెన. కాలు మోపడానికి నడుమంత లావు మోకు, చేతులకు అటూ ఇటూ సన్నని తాళ్ళు. ఊయలకోటలో నలభై ఒక్క ఇళ్ళు. వానలు వెలిసిన ప్రతి ఏడూ ఇంటికొక పాయ పేని, పాయలన్నీ కలిపి పాత వంతెన స్థానంలో కొత్తది కట్టడం వాళ్ళ ఆచారం. దాటేవాడు ముందు గట్టున మోకు చుట్టిన కట్టుడురాయి దగ్గర తన ఇంటి పాయ మీద చెయ్యి వేసి, పేరూ ఇంటిపేరూ స్వామికి వినబడేలా చెప్పాలి. పరాయివాళ్ళైతే పాయ ఉన్నవాడి చెయ్యి పట్టుకొని దాటాలి. అలా కాకుండా కాలు పెట్టినవాణ్ణి వంతెన బోర్లా తిప్పేస్తుంది.

కట్టుడురాయి పక్కనున్న కావలిపాక తలుపు మూసి ఉంది. మనిషి అలికిడి లేదు.

“ఇక్కడ ఎవరో ఒకరు ఉంటారు, చెయ్యి పట్టుకు దాటిస్తారు అన్నావు” అంది విరజ.

“ఉంటారనే అనుకున్నాను.”

“పొద్దు ఇంకెంతో లేదు. నువ్వు దాటలేవా?”

అతడు తలకట్టులోని నెమలి ఈక తీసి లోయలో పడేశాడు. “ఏడేళ్ళ కిందటి దాకా దాటగలిగేవాణ్ణి” అన్నాడు. “నా పేరు మల్లుడు కాదు తల్లీ. కేదారుణ్ణి. అదిగో, ఆ చివర పైకప్పు కూలిన ఇల్లు మాదే. గంట నాలుక ఊడదీసింది నేనే.”

విరజ నడుములోని బాకు బయటికి వచ్చింది. అతడు వెనక్కి జరగలేదు. బాకు మొన అతడి గొంతు దగ్గర ఆగింది.

“మా నాన్నగారు ఎవరికో అభయమిస్తూ చెయ్యెత్తి, ఆ ఎత్తిన చేత్తోనే రాయి అయిపోయారు” అంది ఆమె. గొంతు పెంచలేదు. “ఏడేళ్ళు ఆ చేతి మీద దుమ్ము నేను తుడిచాను. ఎందుకు చేశావు?”

“నాకు గుర్రం కావాలనిపించింది. కత్తి కావాలనిపించింది. నార పేనుకుంటూ బతకడం చిన్నతనమనిపించింది. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఏడేళ్ళూ వెతుక్కున్నాను. లేదు.”

ఆమె బాకు ఒరలో పెట్టింది. “పొద్దుగుంకాక నిన్నేం చెయ్యాలో ఆలోచిస్తాను. ఇప్పుడు దాటే సంగతి చెప్పు.”

అతడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఊరికి ద్రోహం చేసి పోయినవాడి పాయను పీకెయ్యడం తమ కట్టుబాటని, ఈ వంతెనలో ఇప్పుడు నలభై పాయలే ఉంటాయని, తన చెయ్యి పట్టుకుంటే ఆమెకు కూడా చావేనని.

అప్పుడు కావలిపాక తలుపు కిర్రుమంది.

లోపలి నుంచి వచ్చినవాడు గుడి పెద్ద పూజారి. నెరిసిన శిఖ, నుదుట విభూతి, చేతిలో వెదురుకర్ర. చిన్నప్పుడు కేదారుడికి అక్షరాలు దిద్దించింది ఈయనే. కేదారుడు ఉన్నచోటే సాష్టాంగపడ్డాడు.

“లేవొద్దు, అలాగే ఉండు” అన్నాడు పూజారి. “ఏ ముఖం పెట్టుకొని వచ్చావురా ద్రోహీ? నీ పాయ పీకి లోయలో పారేశారు. నీ ఇంటి పేరు ఊళ్ళో ఎవరూ ఎత్తరు. ఒక్క మాట చెబుతాను విను. నువ్వు పోయిన రోజే స్వామి బయట పెట్టిన పాదం లోపలికి తీసుకున్నాడు.”

పడుకున్నవాడి వీపు ఒక్కసారి వణికింది. గద్ద గోళ్ళకు కూడా అతడు అలా వణకలేదు.

పూజారి విరజ వైపు తిరిగి మెత్తగా మాట్లాడాడు. తనకు పాయ ఉందనీ, రాకుమారిని తాను దాటిస్తాననీ, ముందుగా ఆ మూట విప్పి నేల మీద పెడితే అపవిత్రమైన నాలుకను మంత్రించి శుద్ధి చేస్తాననీ చెప్పాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. కేదారుడు లేచి మూట ముడి విప్పబోయాడు.

విరజ అతడి చెయ్యి ఆపింది. “నీ పాయ లేదని ఎలా తెలుసు?”

“అయ్యగారు చెప్పారు కదా తల్లీ.”

“చెయ్యి పెట్టి చూశావా?”

అతడు చూడలేదు. అతడి ఇల్లు ఎడమపురివారిది. వాళ్ళ పాయ పైకి కనిపించేది కాదు. నలభై పాయల నడుమ వెన్నులా లోపల ఉంటుంది. వాళ్ళ మూలపురుషుడు ఎడమచేతివాటం మనిషి. ఊరంతా కుడికి పురి తిప్పి పేనితే ఆ ఇల్లు మాత్రం ఎడమకు తిప్పి పేనేది. వేళ్ళు లోపలికి దూర్చి తడిమితే తప్ప అది ఉన్నదీ లేనిదీ తెలియదు. లేదని చేతికే తెలిసిపోతుందన్న భయంతో అతడు ఆ రాయి దగ్గరికే పోలేదు.

“ఆ పాపిష్టి చేత్తో మోకును తాకితే వంతెన మైలపడుతుంది” అన్నాడు పూజారి, కొంచెం తొందరగా.

“మా నాన్నగారు ఎంతటి దొంగ మీదైనా చెప్పుడు మాట విని తీర్పు చెప్పలేదు” అంది విరజ. “చెయ్యి పెట్టు.”

కేదారుడు కట్టుడురాయి దగ్గరికి వెళ్ళాడు. కళ్ళు మూసుకొని పాయల సందులో నాలుగు వేళ్ళూ దూర్చాడు. కుడి పురి. మళ్ళీ కుడి పురి. ఇంకా లోపలికి. మణికట్టు దాకా దూరాక వేళ్ళు ఆగిపోయాయి.

ఎడమకు తిరిగిన పురి.

కొత్త నార. ఈ ఏటిదే. పచ్చివాసన ఇంకా పోలేదు. పనితనం మాత్రం బాగాలేదు. ఒకచోట బిగువు, ఒకచోట వదులు, జానెడుకొక ఉండ. ఎడమ పురి అలవాటు లేనివాళ్ళెవరో, ఒళ్ళు వంచి, రెండువందల బారల పొడవునా పేనారు. కేదారుడు నుదురు ఆ రాయికి ఆనించాడు.

తరువాత తిరిగి చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“అయ్యగారూ, తమరి పాయ ఎక్కడో ఒక్కసారి చెయ్యి వేసి చూపించండి.”

పూజారి నుదుట విభూతి మసిగా మారింది. శిఖ వీడి జుట్టు పాముల్లా లేచింది. వెదురుకర్ర నల్లని మంత్రదండమైంది. కాలభృకుటి ఆరడుగుల నిలువెత్తున నవ్వుతూ నిలబడ్డాడు. మనుషుల తప్పులన్నీ వాడికి తెలుసు. ఎవడు ఏ రోజున ఏ పాపం చేశాడో వేళ్ళ మీద చెప్పగలడు. ఆ తప్పు చేసినవాడి కోసం ఎవరో నార పేనుతూ కూర్చుంటారన్న సంగతి మాత్రం వాడి విద్యలో ఎక్కడా లేదు. దండం ఎత్తగానే వెనుక గుట్టల్లోంచి తిరగళ్ళు దొర్లినట్టు చప్పుడు వచ్చింది. రాతి గుర్రాల మీద రాతి రౌతులు వస్తున్నారు.

కేదారుడు కుడిచేతిని పాయ మీదే ఉంచి ఎడమచెయ్యి విరజకు అందించాడు. “నేను కేదారుణ్ణి. ఎడమపురివారి ఇల్లు. తప్పు చేసి వస్తున్నాను స్వామీ” అని గొంతెత్తి చెప్పాడు. ఇద్దరూ వంతెన మీద కాలు పెట్టారు. వంతెన ఒక్కసారి ఊగి, నిలిచింది.

పరుగు! కింద మబ్బులు, కాళ్ళ కింద మోకు. రౌతులు గట్టుకు వచ్చి ఆగారు. వాళ్ళకు ఇంటిపేరు లేదు, పాయ లేదు. ఒకడు తెగించి కాలు పెట్టగానే వంతెన వాణ్ణి గుర్రంతో సహా విసిరేసింది. ఎప్పటికో కింద నీళ్ళ చప్పుడు వినిపించింది. ఇద్దరూ నూటయాభై బారలు దాటేసరికి కాలభృకుటి లోయ అంచున నిలబడి దండాన్ని గాలిలో ఎడమకు తిప్పడం మొదలుపెట్టాడు. అది పురి విప్పే మంత్రం. కుడికి పేనినవన్నీ ఆ తిప్పుడుకు విడిపోవడం మొదలెట్టాయి. చేతితాళ్ళు ముందు పోయాయి. తరువాత మోకు పైపాయలు, ఒకటొకటిగా. వానలు వెలిసినప్పటి నుంచి నలభై ఇళ్ళవాళ్ళ బరువు మోసిన నార, తెల్లని పీచై గాలిలో తేలిపోయింది.

ఇద్దరూ కాళ్ళ కింద ఏమీ లేకుండా వేలాడారు. చేతుల్లో ఒకే ఒక్క పాయ. చిటికెనవేలి లావు. మాంత్రికుడు తిప్పేకొద్దీ అది విడిపోలేదు సరికదా, ఇంకా ఇంకా బిగుసుకుంది. ఎడమకు పేనిన దాన్ని ఎడమకు తిప్పితే బిగియక ఏమవుతుంది! ఇనుపతీగలా గట్టిపడి ఇద్దరి బరువునూ మోసింది.

“పాకండి తల్లీ. వెనక్కి చూడొద్దు” అన్నాడు కేదారుడు.

విరజ వీపున కంచుముద్దతో చేతుల మీద చేతులు వేసుకుంటూ పాకింది. అరచేతులు చీరుకుపోయాయి. అవతలి రాతి అంచు అందుకొని పైకి దూకి, వెనక్కి చూడకుండా గుడిమెట్లు ఎక్కింది. పొద్దు అప్పటికే కొండ అంచును తాకింది.

కేదారుడికి ఇంకా పాతిక బారల దూరం ఉంది. మాంత్రికుడి దండం ఆగింది. వాడు పొరపాటు తెలుసుకున్నాడు. దండం ఈసారి కుడివైపు తిరగసాగింది.

కేదారుడి పిడికిట్లో పురి సడలడం తెలిసింది. పాయ మెత్తబడింది, ఉబ్బింది, పీచు లేచింది. భుజం గాయం నుంచి కారిన రక్తంతో పట్టు జారుతోంది. ఒక బార పాకితే రెండు బారలు కిందికి దిగినట్టు ఉంది. వచ్చినంత వరకు వచ్చాను, నాలుక చేరింది, ఇక చాలు అనుకున్నాడు. చెయ్యి వదలబోయాడు.

“కేదారా!”

అవతలి గట్టు నుంచి వచ్చిందా పిలుపు. ఇసుక గొంతు కాదు. ముసలి గొంతు, బొంగురు గొంతు. ఏడేళ్ళుగా ఎవరి నోటా వినని తన పేరు.

తలెత్తి చూశాడు. ఆ గట్టు కట్టుడురాయికి కాళ్ళు తన్నిపెట్టి కూర్చొని ఉంది సిద్ధవ్వ. ఊయలకోట గంట మోగించే బసవన్న తల్లి. గంట మూగబోయిన సాయంత్రం ఊళ్ళో మొదట రాయి అయిపోయినవాడు ఆ బసవన్నే, ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఆమె పాయ చివరను రెండు అరచేతుల మధ్య పెట్టుకొని ఎడమకు పేనుతోంది. అక్కడ మాంత్రికుడు విప్పుతున్నాడు, ఇక్కడ ముసలమ్మ పేనుతోంది.

“కిందికి చూడకురా. నా చేతిలో పురి ఇంకా ఉంది. నువ్వు రా” అంది.

అతడు వచ్చాడు. ఎలా వచ్చాడో తరువాత అడిగితే చెప్పలేకపోయాడు. వేళ్ళు రాతి అంచును తాకినప్పుడు పాయలో మూడు పోగులు మిగిలాయి. సిద్ధవ్వ అతడి జుట్టు దొరకబుచ్చుకొని పైకి లాగింది. అదే క్షణాన, పొద్దు చివరి ఎరుపు కొండ మీద ఆరిపోబోతుండగా, గుడిలో గంట మోగింది.

ఒక్క దెబ్బ. లోయ గోడలు ఆ చప్పుడును ఒకదానికొకటి అందించుకున్నాయి. అవతలి గట్టున రాతి రౌతులు ఉన్నచోటే నిలిచిపోయారు. కాలభృకుటి చేతి దండం నిలువునా చీలింది. వాడు నల్లని సుడిగాలిగా మారి గుట్టల వెనక్కి పోయాడు.

కేదారుడు పడినచోటి నుంచే గుడి వైపు చూశాడు. గడప మీద స్వామి ఉన్నాడు. ఒక పాదం బయటే ఉంది.

గంట కింద బసవన్న తాడు పట్టుకొని రాయిగానే నిలబడి ఉన్నాడు. విరజ నాలుకను గంటకు తగిలించి, ఆ రాతి పిడికిటి పైనుంచే తాడు లాగి గంట కొట్టింది. అసలు పెద్ద పూజారి ఆమెకు ఎదురొచ్చి చెప్పిందేమిటంటే, ఈ ఒక్క దెబ్బతో రాళ్ళు రాలిపోకుండా ఆగాయి. కాని మళ్ళీ మనుషులు కావాలంటే మూగబోయిన ఏడేళ్ళకూ ఏడు సాయంత్రాలు గంట మోగాలి. ఇవాళ్టిది ఒకటి. మిగిలిన ఆరు సాయంత్రాలూ కాలభృకుటి ఊరుకోడు.

కేదారుడు సిద్ధవ్వ కాళ్ళ దగ్గరే కూర్చున్నాడు. ఆమె ముఖం చూడలేక చేతులు చూశాడు. ఎడమ బొటనవేలి పక్కన కాయ కాసి, పగిలి, మళ్ళీ కాసింది.

“అవ్వా, బసవన్నను అలా చేసింది నేను. నా పాయ నువ్వెందుకు పేనావు?”

“నేనే పీకాను మొదట” అంది సిద్ధవ్వ. “నీ పాయ పీకింది ఈ చేతులే. నలభైతో కట్టాం. గాలికి చేపలా బోర్లాపడింది వంతెన. ఇంకో కుడి పాయ కలిపి కట్టాం. మళ్ళీ పడింది. అప్పుడు పోయి స్వామిని తిట్టాను. నా కొడుకును రాయి చేసినవాడి పాయ లేకపోతే నీ వంతెన నిలబడదా అని. ఏమంటాడు? ఏమీ అనలేదు. ఆ పాదం చూస్తూ కూర్చున్నాను. లోపలున్నవాళ్ళ కోసమైతే బయట పాదం పెట్టి నిలబడాల్సిన పని లేదు గదా. తిట్టుకుంటూనే పేనాను నాయనా. మొదటేడంతా నిన్ను తిట్టుకుంటూ. తిట్టుకుంటూ పేనినా పురి నిలిచింది.”

స్వామి ఆమె చేత పేనించాడా, ఆమె మొండిగా పేనుతుంటే స్వామి చూస్తూ ఊరుకున్నాడా అన్నది ఊయలకోటలో నేటికీ తేలలేదు. తేలవలసిన అవసరం ఉందా అంటే అదీ తెలియదు.

విరజ మెట్లు దిగి వచ్చింది. చీరుకుపోయిన అరచేతులకు గుడ్డ చుట్టుకొని ఉంది. కేదారుడు లేచి తల వంచి నిలబడ్డాడు.

“పొద్దుగుంకాక ఆలోచిస్తానన్నాను” అంది ఆమె. “ఆలోచించాను. నీ తీర్పు మా నాన్నగారే చెప్పాలి. ఆయన లేచేదాకా నువ్వు నా ఎదుటే ఉండాలి.” అని సిద్ధవ్వ పక్కన చతికిలబడి ఒక నారకట్ట ఒళ్ళోకి లాక్కుంది. “ఇది ఎటు తిప్పాలి?”

“నువ్వు కుడికే తిప్పు తల్లీ. ఎడమది వీడి పని” అంది సిద్ధవ్వ. ఇంకొక కట్ట కేదారుడి ఒళ్ళో పడేసింది. ఏడేళ్ళుగా కత్తిపిడి తప్ప ఏమీ పట్టని వేళ్ళు మొదట తడబడ్డాయి. నార చేతికి గుచ్చుకుంది. ఒక బెత్తెడు తిరిగాక వేళ్ళకు దారి గుర్తొచ్చింది.

అప్పుడు లోయ అవతల నుంచి చప్పుడు మొదలైంది. ఠంగు, ఠంగు. గంట మోత చల్లారాక రాతి రౌతులు మళ్ళీ కదిలారు. వంతెన లేకపోతేనేం, తమ రాతి చేతులతోనే ఎర్రగోడకు మెట్లు చెక్కుకుంటూ లోయలోకి దిగుతున్నారు. మొదటి మెట్టు అప్పుడే పూర్తయింది. కేదారుడు చెయ్యి ఆపి అటు చూశాడు.

సిద్ధవ్వ తలెత్తలేదు.

“వంతెన నిలిస్తేనే ఊరికి స్వామి కాపు. రేపు పొద్దుగుంకేలోగా నలభై ఒక్క పాయలు కావాలి” అంది. “చెయ్యాడించు నాయనా.”